అవ్వకు తెచ్చిన తేలిక తుపాకి

మా ఇంట్లో బీరువా కుడికాలు కింద ఒక కట్టెముక్క ఉంటుంది. రెండు వేళ్ళ మందం, ఒక కొస సన్నగా, ఇంకో కొస వెడల్పుగా, గుడ్డు ఆకారంలో. పెర్కిట్‌లో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు మేస్త్రీ ఆ మూల గచ్చు చదును చేయకుండా చేతులు దులుపుకుని పోయాడు. బీరువా ఊగుతుంటే, మేం అవ్వ అని పిలిచిన మా అమ్మ పెట్టెలో దొరికిన ఆ ముక్కను తెచ్చి కింద దూర్చాను. కొలిచి చేసినట్టు సరిపోయింది. అప్పటి నుంచి రోజూ ఊడ్చేటప్పుడు చీపురు దానికి తగులుతూనే ఉంది, నేను దాని గురించి ఆలోచించడం మాత్రం ఎప్పుడో మానేశాను. పోయిన వారం మా మేనకోడలు సుజాత వచ్చి ఒక మాట అడిగేదాకా అది నాకు ఉత్త కట్టెముక్కే.

సుజాత మా తమ్ముడి కూతురు. జక్రాన్‌పల్లి దిక్కున్న మా పాత చేను ఇప్పుడు ఆమే చేసుకుంటోంది. పసుపు, మక్కజొన్న, సగం ఎకరంలో కూరగాయలు. రెండేళ్ళ కింద హైవే మీద స్కూటీ జారి భుజం ఎముక విరిగితే ప్లేటు వేశారు. మొన్న ఒక ఫైలు చంకలో పెట్టుకుని వచ్చి, నా కుట్టుమిషన్ ముందున్న స్టూలు మీద కూర్చుంది.

"అత్తమ్మా, తుపాకి లైసెన్సుకు పెట్టుకున్న. పందులు మక్కను బతకనిస్తలేవు. చంపుడు వద్దు, బెదిరిస్తె సాలు. షాపాయన ఫోన్ల మస్తు తుపాకులు జూపిచ్చిండు. అన్నిట్ల తేలికది ఏదుంటె గది తీస్కుంట. నా జబ్బల ప్లేటున్నది గదా."

"తేలికది వద్దు" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే, వంటింట్లోంచి మా వారు తొంగి చూశారు.

"గదేంది అత్తమ్మా? బరువుది నాతోని అయితదా?"

నేను వంగి, బీరువాను భుజంతో కొంచెం ఎత్తి, ఆ కట్టెముక్క బయటికి లాగాను. ఎందుకంటే ఆ మాట ఒక్క ముక్కలో చెప్పేది కాదు. చెప్పాలంటే మా నాన్న, బాపు దగ్గర మొదలుపెట్టాలి.

బాపుకు రెండు గొట్టాల జోడునాలి తుపాకి ఒకటి ఉండేది. చేను కాపలాకని సర్కారు లైసెన్సు ఇచ్చింది. విత్తనపు పసుపు దాచే అర్రలో, గోడకు కొట్టిన రెండు మేకుల మీద అది అడ్డంగా పడుకుని ఉండేది. ఆదివారం పొద్దున బాపు దాన్ని దించి, అరుగు మీద పాత ధోతి పరిచి, ముందు గ్యాసునూనెతో తర్వాత కొబ్బరినూనెతో తుడిచేవాడు. పసుపు ఉడకబెట్టే రోజులైతే పెరట్లో కడాయిల నుంచి వచ్చే ఆవిరి, ఈ నూనెల వాసన కలిసి, అన్నం తిన్నా అదే రుచి వచ్చేది. ఆ తుపాకిని మేమెవరం ముట్టేది లేదు. గుడ్డపేలిక అందించడం వరకే నా వంతు. బాపు మాట తక్కువ మనిషి. "మంచిగ తుడువకుంటె తుప్పువడ్తది" అనేది ఒక్కటే ప్రతి ఆదివారం వినేదాన్ని.

ఒక పొద్దున బావి దగ్గర పళ్ళు తోముకుంటూ బాపు పక్కకు ఒరిగిపోయాడు. నిజామాబాద్ దవాఖానాలో నెల ఉంచుకుని పంపించారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఏదో చెప్పాలని చూసేవాడు, గొంతులోంచి ఒక్క శబ్దమే వచ్చేది. ఆకలైనా అదే, కోపమొచ్చినా అదే. మా తమ్ముడు అప్పటికి బడికి కూడా పోయే వయసు కాదు. నేను పదో తరగతి పాసై, ఆర్మూర్ బస్టాండు దగ్గర ఒకామె దగ్గర కుట్టుపని నేర్చుకుంటున్నాను.

మా చిన్నబాపును చెడ్డవాడని రాయలేను. రోజూ వచ్చి అన్నను ఎత్తి కూర్చోబెట్టి, గడ్డం గీసి, జావ తాగించి పోయేవాడు. కానీ మా చేను, ఆయన చేను పక్కపక్కనే. నాట్లయ్యాక ఒక రోజు బాపు మంచం దగ్గరే కూర్చుని అవ్వతో అన్నాడు.

"వదినె, పసుపు నువ్వు జూస్కుంటవ్, నాకెరుకే. మక్కను పందుల నుంచి కాసుడు నీతోని గాదు. మొగోడు లేని మంచెకు ఏ పంది భయపడ్తది? చేను నాకు కౌలుకియ్యి. ఇంట్లకు గింజలు నేనే పంపుత."

కౌలుకు పోయిన చేను తిరిగి ఇంటికి రావడం మా ఊళ్ళో నేనైతే చూడలేదు. అవ్వ కూడా చూసి ఉండదు. "గీ ఒక్క పంట జూడు మర్ది. పందులు తింటె ఇగ నువ్వే దున్నుకో" అంది. చిన్నబాపు సరేనన్నాడు. బాపు వింటూనే ఉన్నాడు.

మా దగ్గర పసుపులోనే మక్క వేస్తారు. పందులు పసుపు తినవు. మక్క కోసం వచ్చి కంకులు విరిచి, పనిలో పనిగా పసుపు బోదెలన్నీ ముట్టెతో దున్నిపోతాయి. ఒక్క మంద ఒక్క పూట చాలు. అందుకని అవ్వ ఆఫీసుల చుట్టూ తిరిగి, బాపు లైసెన్సులో తన పేరు ఎక్కించుకుంది. "కాల్చుడొస్తదా?" అని అడిగాడట అక్కడి గుమస్తా. "నేర్చుకుంట సారూ, పుట్టంగనే మీకు రాసుడొచ్చిందా?" అన్నదట. ఆ మాట ఇంటికొచ్చి మాకు రెండుసార్లు చెప్పి నవ్వుకుంది.

ఇక తుపాకి సంగతి. అవ్వ పొట్టి మనిషి, బక్క మనిషి. ఒకప్పుడు పసుపు కడాయి దించుతూ జారిపడితే కుడి భుజం దెబ్బతిని, చలికాలమంతా నొస్తూనే ఉండేది. బాపు జోడునాలి ఎత్తి పట్టుకుంటే ముందు కొస నేల చూసేది. "గిది నాతోని గాదు బిడ్డా" అంది. అప్పుడు నేను రంగంలోకి దిగాను. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే, కాబట్టి తెలివిగలదాన్ని కూడా నేనే అనుకునే వయసు. దీన్నిచ్చి తేలికది తెద్దామన్నాను. అందరికీ అది న్యాయంగానే తోచింది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకు పనిముట్టు అంటే తేలికదనే. మగవాళ్ళ పార అరిగి అరిగి సగమైతే అది ఆడవాళ్ళ పార అయ్యేది. మగవాళ్ళ కొడవలి పళ్ళు పోతే ఆడవాళ్ళకు. చిన్న గంప, చిన్న తట్ట, చిన్న బిందె. ఆ లెక్కన ఆడమనిషికి తుపాకి అంటే అన్నిట్లో తేలిక తుపాకే అవుతుంది కదా. వేరేగా ఎవరికీ తోచలేదు.

నిజామాబాద్ పోయే పొద్దున మేము ఆ జోడునాలిని దుప్పట్లో చుడుతుంటే, బాపు మంచంలోంచి ఎడమ చెయ్యి చాచి దాని మీద వేశాడు. వేసి, కిందికి అదిమాడు. ఎత్తి మళ్ళీ అదిమాడు. నోట్లోంచి ఆ ఒక్క శబ్దమే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన తుపాకి పోతుందని బాధ అనుకున్నాం. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సు టైమవుతోంది. "బాపూ, ఇగ నీకెందుకు తుపాకి?" అన్నాను నేను. అని, ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పాను. ఎడమ చేతిలో కూడా అంత బలం ఉంటుందనుకోలేదు.

షాపులో ఆరేడు తుపాకులు చూపించారు. నేను ఒక్కొక్కటి ఎత్తి చూశాను. సంతలో గుమ్మడికాయలు ఎత్తి చూసినట్టే, రెండు చేతులతో ఎత్తడం, దించడం. ఒక ఒంటినాలి తుపాకి ఉంది, సన్నగా, పొడుగ్గా, అన్నిటికంటే తేలిక. అదే కావాలన్నాను. షాపాయన అడిగింది ఇచ్చాడు. ఎవరి కోసమని ఆయన అడగలేదు, భుజానికి పెట్టి చూడమని అవ్వకు నేనూ చెప్పలేదు. తిరుగు బస్సులో అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "గింత అల్కగున్నదా! మన కలుపుపార లెక్కనే ఉన్నది" అని మురిసింది. నేను అంతకంటే ఎక్కువ మురిశాను.

మక్క పాలకంకి మీదకొచ్చింది. సందెపూట గుట్ట దిక్కు నుంచి పందులు దిగడం మొదలైంది. అవ్వ మంచె ఎక్కింది, నేనూ ఎక్కాను. తూటాలు బాపువి మిగిలి ఉన్నాయి, పెద్ద మందు, పెద్ద గుళ్ళు. ఉన్నవి పారేసుకుంటామా? అవే పెట్టింది. పేలిన తర్వాత ఏమైందో నాకు ముందు అర్థం కాలేదు. అవ్వ మంచె మీద వెనక్కి కూలబడి ఉంది. తుపాకి ఒక పక్కన పడి ఉంది. పందులు మాత్రం పోయాయి. ఇంటికొచ్చి రవిక జరిపి చూస్తే భుజం కింద, రెట్ట మీద, వంకాయ రంగులో అరచెయ్యంత కమిలి ఉంది. మా ఇంట్లో ఏ దెబ్బకైనా పసుపూ సున్నమే. వెచ్చచేసి పట్టు వేశాను. "కొత్తది గదా, గట్లనే తంతది" అంది అవ్వ.

మూడో రోజుకు సంగతి వేరే అయింది. ట్రిగ్గర్ మీద వేలు పడకముందే అవ్వ కళ్ళు మూతపడేవి, మెడ ముడుచుకుపోయేది. తుపాకి కొస ఊగేది. నేను మళ్ళీ తెలివి ఉపయోగించాను. గోనెసంచి నాలుగు మడతలు వేసి, మధ్యలో దూది పెట్టి, రవిక భుజానికి మెత్త కుట్టాను. కుట్టు చాలా బాగా కుదిరింది. దాన్ని తొడిగి మంచె మీద నిలబెట్టిన సందెకే చిన్నబాపు చూడ్డానికి వచ్చాడు. పందులు వచ్చాయి. అవ్వ కళ్ళు మూసుకుని పేల్చింది. కట్టె మెత్త మీద నుంచి జారి రెట్టకు తగిలింది, గొట్టం పక్కకు తిరిగింది, గుళ్ళన్నీ పోయి బావి మీదున్న మోటారు స్టార్టరు డబ్బాను కొట్టాయి. డబ్బా జల్లెడ అయింది. పందులు ఒక్క నిమిషం ఆగి చూసి, మళ్ళీ తినడం మొదలుపెట్టాయి. చిన్నబాపు చేతికి దొరికిన రేకు డబ్బా వాయించి, కేకలేసి వాటిని తరిమేసరికి నాలుగు సాళ్ళు నేలమట్టం.

"పందులకంటె నీ తుపాకే ఎక్కువ నుక్సాన్ జేసెటట్టున్నది వదినె" అన్నాడు. నవ్వలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. "వచ్చే బేస్తారం కాయితం రాసుకుందాం. పంట నీదే, నేను కాస్త. వచ్చే యేడు నుంచి చేను నేను దున్నుత."

అవ్వ ఆ పూట అన్నం తినలేదు. "పంది భయం గాదు బిడ్డా, నాకు దీని భయమే పట్టుకున్నది. చెయ్యేస్తెనే కండ్లు మూతవడుతున్నయి" అంది. తెచ్చింది నేను, మెత్త కుట్టింది నేను. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

మర్నాడు ఊరి వడ్రంగి, వడ్ల నర్సయ్య వచ్చాడు. నాగళ్ళు, పారలు, మంచాలు అన్నీ ఆయన చేతివే. స్టార్టరు డబ్బాకు కొత్త చెక్క బిగించడానికని పిలిచాం. పని అయ్యాక అరుగు మీద చాయ తాగుతూ, "ఏదీ, ఎట్ల వడ్తవో జూపియ్యి" అన్నాడు. అవ్వ మెత్త వేసుకుని తుపాకి ఎత్తింది. నర్సయ్య చాయ గ్లాసు కింద పెట్టాడు.

పారకు కట్టె బిగించాలంటే ఆయన ముందు మనిషిని రమ్మంటాడు. మోచెయ్యి మడతలో కట్టె కొస ఆనించి, వేళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూసి గీత గీస్తాడు. ఎవరి పార వాళ్ళదే. అట్లాగే అవ్వ మోచేతి మడతలో తుపాకి వెనక కట్టె ఆనించి, చెయ్యి చాచమన్నాడు. ఆమె వేలు ట్రిగ్గర్ దాకా రాలేదు. రెండు వేళ్ళు తక్కువ. నా మెత్తతో కలిపితే నాలుగు వేళ్ళు తక్కువ. అందుకే చేతులు సాగదీసి పట్టుకుంటోంది, కట్టె భుజంగుంటలో కుదరక రెట్ట మీదికి జారుతోంది.

నర్సయ్య నా దిక్కు తిరిగాడు. "బట్టలు కుట్టే పిల్లవు. కొలత దియ్యకుంటనే తెచ్చినవా?"

కుట్టు నేర్పే ఆమె నాకు మొదటి రోజు చెప్పిన పాఠం అదే, కొలత లేనిదే కత్తెర పట్టొద్దని.

"కట్టె కోస్త. రబ్బరు కొడ్త. గని గింత తేలికున్నదేంది?" అని నర్సయ్య తుపాకి తీసుకుని లోపల బాపు మంచం దగ్గరికి పోయాడు. ఆయన ఏ పనికైనా ముందు బాపును అడిగేవాడు, మాట పోయాక కూడా మానలేదు. "ఏం జేద్దాం పటేలా?" అన్నాడు. బాపు ఎడమ చెయ్యి ఎత్తి తుపాకి మీద వేశాడు. కిందికి అదిమాడు. ఎత్తి మళ్ళీ అదిమాడు. ఆ రోజు చేసినట్టే.

"బరువు పెట్టుమంటున్నవా?"

బాపు తల ఊపాడు. ఒకసారి కాదు, మంచం కదిలేలా ఊపాడు.

"గదే గదా!" అన్నాడు నర్సయ్య మా దిక్కు తిరిగి. "బరువు నాగలి భూమిల కుదురుగ నడుస్తది. తేలికది రాయి తాకంగనే ఎగిరి చేతులను తంతది. తుపాకి గూడ గంతే ఉంటది. మీ బాపు ఎరిగినోడు."

అవ్వ నా మొహం చూసింది. నేను నేల చూశాను. బాపు తుపాకి అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు.

నర్సయ్య రంపంతో ఆ కట్టెను రెండు వేళ్ళ మందం కోసేశాడు. లోపల బర్మాతో బొర్ర తొలిచి, చేపల వలలకు కట్టే సీసం గుళ్ళు తెప్పించి అందులో నింపి, గలగలమనకుండా గోనెపీచు, మైనం కూరాడు. పైన లారీ టైరు ముక్క కోసి బిగించాడు. నా మెత్తను విప్పి పారేయమన్నాడు. తూటాల డబ్బా ముందుకు జరిపితే బాపు ఎడమ చేత్తో వెతికి, అడుగున ఉన్న సన్న డబ్బా ఒకటి తీసి అవ్వ చేతిలో పెట్టాడు. అవి పిట్టల తూటాలు, తక్కువ మందు, సన్న గుళ్ళు. బెదిరించడానికి చప్పుడు చాలు కదా. అంతా అయ్యాక తుపాకి ఎత్తి చూస్తే బాపు జోడునాలికి కొంచెమే తక్కువ. తేలిక అని ఏరి తెచ్చిన దాన్ని బరువు చేసుకున్నాం.

బేస్తారం, అంటే గురువారం సందెకు చిన్నబాపు మంచె కిందికి వచ్చి కూర్చున్నాడు. కాయితం సంగతి ఎత్తలేదు, జేబులో ఉందని మాత్రం తెలుస్తోంది. గుట్ట దిక్కు మక్క ఆకులు కదిలాయి. ఒక పెద్ద పంది, వెనక ఐదారు పిల్లలు. నేను పందుల్ని చూడలేదు. అవ్వ కళ్ళనే చూస్తూ ఉన్నాను. కట్టె భుజంగుంటలో కుదిరింది. చెంప కట్టెకు ఆనింది. పేలింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పందులు వెనక్కి తిరిగాయి. అవ్వ గొట్టం కిందికి వంచి తెరిచి, ఇంకో తూటా పెట్టి, గుట్ట దాకా వినపడేలా మళ్ళీ పేల్చింది. తర్వాత నా దిక్కు తిరిగి చిన్నపిల్లలా, "తన్నలే" అంది. "జర నూకింది, గంతే."

చిన్నబాపు లేచి లుంగీ దులుపుకున్నాడు. కాయితం జేబులోంచి బయటికి రాలేదు. నాలుగు రోజుల తర్వాత వచ్చి, తల గోక్కుంటూ, "వదినె, పేల్చేటప్పుడు జర మా చేను దిక్కు గూడ ఒకటి పేల్చు" అన్నాడు. ఆ తర్వాత అవ్వ ఎన్నో పంటలు కాచింది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా తుపాకులు అప్పజెప్పాలి కదా, తనే మోసుకుపోయి పోలీసు స్టేషనులో ఇచ్చి, తనే వెళ్ళి తెచ్చుకునేది. ఆమె పోయాక మేము దాన్ని సర్కారుకు అప్పజెప్పాం. నర్సయ్య కోసిన ఈ ముక్క ఒక్కటే మిగిలింది.

సుజాత అంతా విని, ఫోన్లో తుపాకుల బొమ్మలు మళ్ళీ తీసింది. ఇప్పుడు ప్రతిదానికీ బరువు గ్రాములతో సహా రాసి ఉంది. లైసెన్సు దరఖాస్తు మీద ఆమె పేరు ఒక్కటే ఉంది, మొగుడి పేరు కింద ఇరుక్కున్న పేరు కాదు. అవ్వ చూస్తే మురిసేది. కానీ ఈ షాపాయన కూడా ఈమె చెయ్యి పొడుగు అడగలేదట. నేను టేపు తీసి మోచేతి మడత నుంచి చూపుడువేలు దాకా కొలిచి, జాకెట్టు కొలతలు రాసే పుస్తకంలో రాసి, చింపి ఇచ్చాను. చేతులతో ఎత్తి చూడొద్దు, భుజానికి పెట్టి చూడు అన్నాను. మంచె మీద కాసేపు మోయగలిగినంత బరువు ఉండనీ. గొట్టం మాత్రం సన్నది, చిన్న తూటా పట్టేది అడుగు. వెనక మంచి రబ్బరు వేయించు. కట్టె పొడుగైతే కోయించు, సిగ్గుపడకు. నీ డాక్టరును కూడా ఒక మాట అడుగు.

సుజాత చీటీ మడిచి ఫైలులో పెట్టుకుంది. కట్టెముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితె తాత చెప్పింది గా దినమే ఇంటె, నాయినమ్మ జబ్బ కమిలేది గాదు గదా అత్తమ్మా."

"కాదు."

"తర్వాత తాతతోని అన్నవా, నువ్వన్నదే నిజమని?"

బాపు ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. అవ్వ కళ్ళు మూయలేదని ఆ సందె పరుగెత్తుకొచ్చి చెప్పింది నేనే. సగం మొహంతో నవ్వాడు. రెండేళ్ళూ నేనే అన్నం కలిపి పెట్టాను, ఊరి ముచ్చట్లన్నీ చెప్పాను. ఆ వేళ్ళు విప్పినదాన్ని, ఆ మాట అన్నదాన్ని, తప్పయింది బాపూ అని మాత్రం అనలేదు. ఆయనకు మాట లేదు. నాకు ఉంది, అయినా అనలేదు.

"లేదు బిడ్డా" అన్నాను.

సుజాత షాపాయనకు చూపిస్తానని ఆ ముక్కను అడిగి తీసుకుపోయింది. ఇప్పుడు బీరువా తలుపు తీసినప్పుడల్లా ఊగుతోంది. ఏదన్నా అట్టముక్క మడిచి కింద పెడతానని మా వారు వంగబోతే, ఉండనీ అన్నాను.